జానెడు మీద రెండేళ్లు

ఎండలు ముదిరాయంటే బాచుపల్లిలో మా అపార్ట్‌మెంటుకు ట్యాంకర్ నీళ్లే దిక్కు. మొన్న ఆదివారం పొద్దున మోటారు పాడైపోయి, ఎవరి డబ్బాలు వాళ్లు కింద సంపు దగ్గరికి తెచ్చి నింపుకోవలసి వచ్చింది. నా వంతు రాగానే ఇరవై లీటర్ల డబ్బాలో పైపు పెట్టి, పక్కింటావిడతో కబుర్లలో పడ్డాను. డబ్బాలో చప్పుడు మొదట డొల్లగా గుడగుడమంది. నీళ్లు పైకి వచ్చేకొద్దీ సన్నబడింది. మూతి దగ్గరికి రాగానే చిన్న ఈలలా మారింది. ఆ ఈల చెవిన పడగానే అటు చూడకుండానే పైపు పక్క డబ్బాలోకి మార్చాను. ఒక్క చుక్క కింద పడలేదు. పై అంతస్తు అమ్మాయి నోరు తెరిచి చూసి, "ఎలా ఆంటీ, వెనక కళ్లున్నాయా మీకు?" అంది. అలవాటమ్మా అని నవ్వేశాను గానీ, డబ్బాలు పైకి చేర్చాక కూడా ఆ ఈల చెవుల్లోనే ఉండిపోయింది. అలా వినడం నాకు నేర్పినవాడు మల్లేశం బాబాయ్. ఆయన పేరు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినిపించదు కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి పెద్ద భవనం అప్పుడప్పుడే లేస్తోంది. మధ్యాహ్నమైతే ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవాళ్లు, కిటికీ అద్దాలు గలగలమనేవి. మా నాన్నగారికి కాకినాడ నుంచి హైదరాబాదు బదిలీ అయి మేము కూకట్‌పల్లిలో దిగాం. నేను అమీర్‌పేటలో రెండు కంప్యూటర్ కోర్సులు చేసి, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసి, చివరికి ఒక బోట్ క్లబ్బులో గుమాస్తాగా చేరాను. ఖాజాగూడ దాటాక రాళ్ల వెనకున్న ఒక చెరువు మీద ఆ క్లబ్బు పెట్టినవారు ఓబులేసుగారు. అనంతపురం వైపు మనిషి, స్థలాల వ్యాపారం. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆదివారం ఏం చేసుకోవాలో తెలియదనీ, ఆ తెలియనితనం తనకు పనికొస్తుందనీ ఆయన నమ్మకం. బొంబాయి నుంచి ఒక పాత స్కీ బోటు కొనుక్కొచ్చారు. వేక్‌బోర్డింగ్ అనే ఆట దాని మీద ఆడించాలని ఉబలాటం. ఒక పొట్టి పలకకు రెండు కాళ్లూ బిగించుకుని, పడవకు కట్టిన తాడు పట్టుకుంటే, పడవ లాక్కుపోతుంది. పడవ వెనక లేచే అలను ఎక్కి మనిషి గాలిలోకి ఎగురుతాడు. అల ఎంత పెద్దదైతే ఎగరడం అంత పైకి. అల పెద్దది కావాలంటే పడవ వెనక భాగం నీళ్లలోకి బాగా దిగాలి, అంటే పడవలో బరువు పెట్టాలి. ఆ బరువు పెట్టేవాడూ, పడవ నడిపేవాడూ మల్లేశం.

చేరిన రోజున ఓబులేసుగారు నన్ను చెరువు దగ్గరికి పంపి, పనంతా మల్లేశాన్ని అడిగి తెలుసుకోమన్నారు. యాభై దాటిన మనిషి, నడుం లోతు నీళ్లలో పడవ వెనక నిలబడి, అరచెయ్యి చాచి చెక్కకు ఆనించి ఏదో కొలుస్తున్నాడు. చేపలు పట్టే ఇంట పుట్టి, చిన్నప్పటి నుంచీ వల లాగిన చెయ్యి. చేటంత ఉంది. నేను నమస్కారం పెట్టాను. ఆయన తలూపి, చెయ్యి తియ్యకుండానే అన్నాడు.

"రెండేళ్లు ఉండాలె. గంతకు తక్కువైతె నేను ఒప్పుకోను."

"రెండేళ్లంటే కష్టమండీ. కంప్యూటర్ ఉద్యోగం వస్తే వెళ్లిపోతానని సారుకు ముందే చెప్పానండీ," అన్నాను.

ఆయన కాసేపు నా ముఖం చూసి, తర్వాత నీళ్లు ఊగేలా నవ్వాడు. "నువ్వు పోవుడేంది బిడ్డా? నేను పడవ సంగతి చెప్తున్న. మా దిక్కు సంవత్సరాలను ఏండ్లంటం. ఏళ్లంటె గివి," అని రెండు వేళ్లు పైకెత్తి చూపించాడు. "నీళ్ల మీదికెళ్లి పడవ అంచు దాకా జానెడు, దాని మీద రెండేళ్లు. మనుషులందరు ఎక్కి కూసున్నంక కొలవాలె. గంత జాగ ఉంటెనే పడవ కదుల్తది."

మా వైపు ఏళ్లంటే సంవత్సరాలే. వేళ్లను వేళ్లనే అంటాం. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాటి నుంచి నేను ఆయన్ను బాబాయ్ అనడం మొదలుపెట్టాను. తమ వైపు కాకా అంటారని ఒకసారి చెప్పి చూశాడు గానీ, నా నోరు తిరగలేదు. ఆయనే సర్దుకున్నాడు.

నాకు చీటీలు రాయడం, ఫోన్ ఎత్తడం తప్ప పెద్ద పని ఉండేది కాదు. వారపు రోజుల్లో జనం రారు. అందుకని ఆయన వెంట తిరిగేదాన్ని. నాకు ఈత రాదు, నీళ్లంటే భయం. అయినా ఒడ్డున కూర్చుని, పడవలో బరువుకు పెట్టే నీళ్ల డబ్బాలు నింపే పని నాకు అప్పజెప్పాడు. మొదటి రోజు సగం సగం నింపి వరసగా పెట్టాను, ఎత్తడం తేలికని. ఆయన వచ్చి ఒక డబ్బాను అటూ ఇటూ వంచి చూపించాడు. "సూడు, పడవ ఎటు వంగితె నీళ్లు గటే ఉరుకుతయి. వంగినదాన్ని ఇంక వంచుతయి. నింపితె మూతిదాక నింపు, లేకుంటె ఖాళీ పెట్టి మూత బిగియ్యి. నడుమ నిలబెట్టకు," అన్నాడు. మూతిదాకా నిండిందని కళ్లతో కాదు, చెవితో తెలుసుకోమన్నాడు. ఈల వేసిందాకా ఆగమన్నాడు.

డబ్బాలు పడవలో పెట్టడం ఇంకో విద్య. వెనక ఎక్కువ, ముందు కొంచెం, కుడి ఎడమలు సమానం. ముందు అసలు లేకపోతే పడవ ముక్కు ఆకాశంలోకి లేచి నడిపేవాడికి దారి కనిపించదు. మనుషులు కూడా ఆయన లెక్కలో బరువులే, అయితే ఆ మాట వాళ్లకు తెలియనిచ్చేవాడు కాదు. భారీ మనిషి ఎవరైనా ఒక పక్కకు కూలబడబోతే చేతులు కట్టుకుని, "సార్, పెద్దమనుషులు నడుమ కూసోవాలె, గదే ఇజ్జత్," అనేవాడు. ఆ మనిషి దర్జాగా మధ్యకు జరిగేవాడు. నేను చీటీల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

ఓబులేసుగారికి ఈ డబ్బాలంటే చిరాకు. చూడ్డానికి పచారీ కొట్టులా ఉందని ఆయన బాధ. ఒకరోజు ఇసుక బస్తాలు తెప్పించారు. "ఇంత చోటు ఏంటికి దండగ మల్లేశం? నాలుగు బస్తాలు వేస్తే అయిపోతుంది గదప్పా," అన్నారు. మల్లేశం బాబాయ్ నిండు డబ్బా ఒకటి ఎత్తి చెరువులో పడేశాడు. అది ఒకసారి మునిగి లేచి, మూత కనిపించేలా నీటి మట్టానికి వచ్చి నిలబడింది. తర్వాత ఒక ఇసుక బస్తా పడేశాడు. దభీమని చప్పుడయింది, నాలుగు బుడగలు వచ్చాయి. మేం ముగ్గురం కాసేపు ఆ బుడగల వైపే చూశాం. "నీళ్లు నీళ్లల్లకు పోతె వజన్ ఉండదు సార్. ఇసుక గట్ల గాదు, పడవ మునిగితె పట్టుకొని కిందికి గుంజుకపోతది," అన్నాడు. ఓబులేసుగారు "సరే, నీళ్లే పెట్టుకో పో" అని వెళ్లిపోయారు. కానీ ఆ పోయిన బస్తా ఆయన మనసులో ఉండిపోయింది. ప్రతి దానికీ మల్లేశం అడ్డం పడతాడన్న మాట అప్పటి నుంచి తరచుగా వినేదాన్ని.

అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎవరి నోట విన్నా డాక్యుమెంటేషన్ అనే మాటే. క్లబ్బుకు వచ్చే కంపెనీల వాళ్లు అది ఓబులేసుగారికి కూడా అంటించారు. ఒకరోజు నన్ను పిలిచి, "చూడమ్మా సుజాతా, మల్లేశం తలకాయలో ఉండేదంతా కాగితం మీదికి రావల్ల. మనిషి లేకపోయినా పని నడవల్ల," అన్నారు. నా చదువుకు తగిన పని దొరికిందని నేను ఉప్పొంగిపోయాను. పదిరోజులు మల్లేశం బాబాయ్ పక్కన కూర్చుని అడిగింది అడిగినట్టు రాసుకున్నాను. ఆయన ఒక్కటీ దాచలేదు. టీ తాగుతూ తాపీగా అన్నీ చెప్పాడు. "పడవ గభాల్న ఆపొద్దు బిడ్డా. మనం ఆగుతం, ఎనక వచ్చే అల ఆగదు గద, లోపలికి ఎక్కుతది. గది కూడ రాయి," అన్నాడు. రాశాను. నీటి నుంచి అంచు దాకా ఎంత ఉండాలో అడిగితే ఎప్పటిలాగే చెప్పాడు. దాన్ని "జానెడు, దాని మీద రెండు వేళ్లు" అని శుద్ధంగా టైపు చేశాను. బల్ల సొరుగులో అడుగు స్కేలు ఉంది. దాన్ని తియ్యాలని నాకు తట్టనేలేదు. జానెడంటే జానెడే గదా అనుకున్నాను.

రెండు పేజీలూ ఓబులేసుగారి చేతికిచ్చిన రోజున అసలు సంగతి బయటపడింది. "బాగుంది. ఇంక ఈ నెలాఖరుకు మల్లేశానికి రావద్దని చెప్పేస్తా. పడవ నేనే నడుపుతా," అన్నారు. బయటికొస్తే మల్లేశం బాబాయ్ తాళ్లు ఎండబెడుతున్నాడు. "ఏమన్నడు సారు, మంచిగున్నదన్నడా?" అని అడిగాడు. మంచిగున్నదన్నారు బాబాయ్ అన్నాను. ఇంకేమీ చెప్పలేకపోయాను. ఆయన కూడు ఆయన చేతే నా కాగితంలోకి తోడించినట్టయింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఆ శనివారమే ఒక కంపెనీ వాళ్లు ముగ్గురు వచ్చారు. వాళ్లకు ఆట నచ్చితే ఏడాది పొడుగునా తమ ఉద్యోగులను పంపుతామన్నారు. ఓబులేసుగారు కావాలనే మల్లేశం బాబాయ్‌ను ఏదో బోల్టు కోసం పొద్దున్నే రాణిగంజ్ పంపించి, కాగితం నా చేతికిచ్చి, "నువ్వు కొలువు, నేను నడుపుతా. అల మాత్రం పెద్దగా రావల్ల," అన్నారు. ముగ్గురిలో ఒకాయన పలక కట్టుకుని నీళ్లలో దిగాడు. మిగిలిన ఇద్దరూ, ఓబులేసుగారూ పడవలో కూర్చున్నారు. అందరికీ లైఫ్ జాకెట్లు వేయించాను, అది కాగితంలో మొదటి వాక్యం. పడవను ఆనించి కట్టిన చెక్క మెట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, వెనక అంచు దగ్గర చెయ్యి చాచి కొలిచాను. ఇంకా చోటుంది. డబ్బాలు వేయించాను. మళ్లీ కొలిచాను, ఇంకా ఉంది. మామూలుగా ఆ పాటి మనుషులతో పద్దెనిమిది డబ్బాలకు సరిపోయేది, ఆ రోజు ఇరవై ఆరు పట్టాయి. ఎందుకో మనసు పీకింది. కానీ కాగితంలో డబ్బాల లెక్క లేదు, జానెడు ఉంది. నా చెయ్యి సరిగ్గా సరిపోయింది. సరే సార్ అన్నాను.

అల నిజంగానే పెద్దగా లేచింది. ఆ అతిథి రెండుసార్లు ఎగిరాడు, మూడోసారి తాడు వదిలి పడ్డాడు. ఆయన పడగానే ఓబులేసుగారు కంగారుపడి పడవను ఒక్కసారిగా ఆపేశారు. వెనకున్న అల ఆగలేదు. అది వచ్చి అంచు మీదుగా లోపలికి ఎక్కడం ఒడ్డున నిలబడి కళ్లారా చూశాను. ఇంజను ఆగిపోయింది. రెండో అల కూడా ఎక్కింది. పడవ వెనక భాగం కనిపించకుండా పోయింది. ముగ్గురూ నడుం లోతు నీళ్లలో కూర్చుని ఉన్నారు, కేకలు వినిపిస్తున్నాయి. నా చేతిలో కాగితం తడిసిపోయింది. అది నా చెమటేనని తర్వాత తెలిసింది.

అప్పుడే మల్లేశం బాబాయ్ బస్సు దిగి నడిచి వస్తున్నాడు. చేతి సంచి ఎక్కడ పారేశాడో, తెడ్డు పడవ ఎప్పుడు విప్పాడో నేను చూడలేదు. చూసేసరికి చెరువు మధ్యలో ఉన్నాడు. "ఎవ్వరు లేవకుండ్రి సార్, పడవ మునుగది, నీళ్ల డబ్బాలే ఉన్నయి. ఫికర్ జెయ్యకుండ్రి," అని అరుస్తున్నాడు. నిజంగానే మునగలేదు. అంచుల దాకా నీళ్లు నిండి, అక్కడే ఆగింది. ముందు పలక మీదాయన్ను ఎక్కించుకున్నాడు, తర్వాత ఒక్కొక్కరినీ దించుకున్నాడు. నలుగురూ ఒడ్డెక్కారు. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. వేళ్లతో నలుగురినీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, మెట్టు మీద కూలబడి బావురుమని ఏడ్చాను. అంత తేలికైన ఏడుపు మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

పడవను తాడు కట్టి ఒడ్డుకు లాగాక మల్లేశం బాబాయ్ నా దగ్గరికి వచ్చాడు. "కొలిసినవా?" అన్నాడు. కొలిచాను బాబాయ్ అన్నాను. "ఎంత?" జానెడు మీద రెండు వేళ్లు. "జర చూపెట్టు." పడవ చెక్క మీద నా చెయ్యి చాచి పెట్టాను, పక్కన రెండు వేళ్లు పెట్టాను. ఆయన తన చెయ్యి దాని పక్కనే పెట్టాడు. నా చిటికెన వేలు ఆగినచోట నుంచి ఆయన చిటికెన వేలు దాకా ఇంకో మూడు వేళ్లు పట్టే జాగా ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన గొంతు తగ్గించాడు. "సప్పుడు జెయ్యకు. నేను చెప్పుడే తప్పయిందని సారుకు చెప్త. నీకు కొత్త నౌకరి, నాకు ఇంకో చెరువు దొరుకుతది."

వెనకే ఓబులేసుగారి కేక వినిపించింది. ఆయన ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. "మల్లేశం! ఏం లెక్క ఇచ్చినావప్పా కాగితానికి? మనుషులు చచ్చేటోళ్లు! రేపట్నుంచి నువ్వు రావద్దు!"

మల్లేశం బాబాయ్ తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క క్షణం, ఇప్పటికీ సిగ్గుపడతాను, ఆ వంచిన తల నా తప్పుకు అడ్డుగా ఉందని హాయిగా అనిపించింది. ఆ హాయే నన్ను భయపెట్టింది. "లెక్క ఆయనది సరైందేనండీ," అన్నాను. "ఆ జానెడు నాదండీ."

ఓబులేసుగారికి అర్థం కాలేదు. నేను చెయ్యి చాచి చూపించాను. మల్లేశం బాబాయ్ చెయ్యి పట్టుకుని నా చెయ్యి పక్కన పెట్టాను. "కాగితం మీద జానెడని రాశాను. ఎవరి జానెడో రాయలేదండీ. తీసేస్తే నన్ను తీసెయ్యండి." ఆయన రెండు చేతులనూ మార్చి మార్చి చూశారు. తర్వాత మునిగీ మునగకుండా నిలబడ్డ పడవను చూశారు. అందులోంచి ఒక డబ్బా మూత పైకి తేలి ఊగుతోంది. ఆ రోజు చెరువులో పడేసిన ఇసుక బస్తా ఆయనకూ గుర్తొచ్చిందనుకుంటాను. చివరికి, "ఇంత చిన్న చేత్తో నన్ను ముంచితివి కదమ్మా," అని నవ్వడం మొదలుపెట్టారు. తువ్వాళ్లు కప్పుకున్న అతిథులు కూడా నవ్వారు. మూడోసారి కూడా ఎగరాల్సిందని ఆ పలకాయన ఒకటే గొడవ. "మల్లేశం, నువ్వు యాడికీ పోవద్దు. పడవ నువ్వే నడుపు. నేను ఒడ్డునే కూర్చుంటా," అన్నారు ఓబులేసుగారు. ఎన్ని రోజుల తర్వాతో ఆ రాత్రి ఇంటికెళ్లి కంచం నిండా అన్నం తిన్నాను. మా అమ్మ మజ్జిగ పోస్తూ, ఏమైందే ఇవాళ అని అడిగితే ఏమీ కాలేదమ్మా అన్నాను. నిజంగానే ఏమీ కాలేదు. ఆ మాట అనగలిగినందుకు ఎంత సంతోషపడ్డానో.

మర్నాడు మల్లేశం బాబాయ్ తన చేత్తో కొలిచి పడవ వెనక తెల్ల రంగుతో గీత గీశాడు. గీత ఆరాక నన్ను పిలిచి, నా చేత్తో కొలవమన్నాడు. జానెడు పెట్టి, పైన నా సన్నటి వేళ్లు పేర్చుకుంటూ పోతే ఆరు పట్టాయి. "రాసుకో బిడ్డా. నాది జానెడు మీద రెండేళ్లు. నీది జానెడు మీద ఆరేళ్లు. నీ చెయ్యి తక్కువదేం గాదు, నాలుగేళ్లు ఎక్కువ పెట్టాలె, గంతే." ఆ రోజు సొరుగులోంచి స్కేలు తీసి, అంగుళాలు కూడా రాసి, కొత్త కాగితం టైపు చేశాను. అడుగున మల్లేశం పేరు పెట్టాను. ఓబులేసుగారు దాన్ని కొట్టెయ్యలేదు.

తర్వాత నాకు గచ్చిబౌలిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. చివరి రోజు వెళ్లొస్తానని చెప్పడానికి వెళితే మల్లేశం బాబాయ్ మొదటి రోజులాగే నడుం లోతు నీళ్లలో ఉన్నాడు. "మొదటి దినం రెండేళ్లంటె పరేషాన్ అయినవు. లెక్కేసుకో, రెండేండ్లు ఉన్నవు," అన్నాడు. నేను ఏడవబోతుంటే నా మీద నీళ్లు చల్లాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు చెరువు చుట్టూ ఇళ్లు లేచాయి, క్లబ్బు మూతపడింది. ఆయన చివరిదాకా పడవ మీదే ఉన్నాడనీ, ఆ పడవలో ఒక్కరికీ ఏ కీడూ జరగలేదనీ ఓబులేసుగారే ఒకసారి కనిపించి చెప్పారు. ఆ మాట విన్నాక గుండె తేలికపడింది.

ఇన్నేళ్లుగా నా ఉద్యోగం కాగితాలు రాయడమే, ఇతరులు రాసినవి చదవడమే. ఎవరైనా కొంచెం, చాలినంత, తగినంత అని రాస్తే దాని పక్కన "ఎవరి జానెడు?" అని పెన్సిల్‌తో రాస్తాను. కొత్తగా చేరిన పిల్లలు అర్థం కాక నా దగ్గరికి వస్తారు. వాళ్లను చెయ్యి చాచమని, నా చెయ్యి పక్కన పెడతాను. మొన్న డబ్బాలు పైకి చేర్చాక వంటింటి గట్టు మీద ఊరికే చెయ్యి చాచి చూసుకున్నాను. గాజులు మారాయి, చర్మం ముడతలు పడింది గానీ జానెడు పెరగలేదు. పెరగాల్సిన అవసరమూ లేదు. పైన ఆరు వేళ్లు పెట్టాలని దానికి తెలుసు.